విసిరే ఈటె: గేమ్ యుద్ధాల్లో దాని స్థానం

విసిరే ఈటె అంటే చేత్తో రువ్వి దూరాన ఉన్న శత్రువును కొట్టే ఈటె. కాల్పనిక లోకాల్లో సాగే యుద్ధ గేమ్‌లలో దీన్ని విల్లు, క్రాస్‌బో, మంత్రశక్తులతో పాటు దూరపు ఆయుధాల కోవలో లెక్కవేస్తారు. పాచికలు వేసి బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుకొని 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ దాకా ఎన్నో గేమ్‌లలో ఇది ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. అయినా దీన్ని సరిగా కుదర్చగలిగిన గేమ్‌లు తక్కువే. చాలా చోట్ల ఇది దూరం తగ్గించి దెబ్బ పెంచిన విల్లులా మిగిలిపోతుంది. అలాంటప్పుడు ఆటగాళ్లు రెండు రోజులు సరదాగా వాడి, మళ్లీ విల్లు పట్టుకుంటారు.

విలుకాడు బాణం వదిలాక కూడా విల్లు అతని చేతిలోనే ఉంటుంది. ఈటె విసిరినవాడి చేయి ఖాళీ అవుతుంది. ఈ ఆయుధం గురించి గేమ్ రూపకర్త తీసుకునే ప్రతి నిర్ణయమూ ఈ ఒక్క తేడా నుంచే మొదలవ్వాలి. ఎన్ని ఈటెలు మోయాలి, ఎప్పుడు విసరాలి, విసిరింది తిరిగి దొరుకుతుందా, దొరక్కపోతే తర్వాత దేనితో పోరాడాలి అన్న ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుడతాయి. చరిత్రలోని సైన్యాలు ఇవే ప్రశ్నలకు జవాబులు వెతుక్కున్నాయి. అందుకే గేమ్‌ల సంగతికి ముందు అసలు యుద్ధాల సంగతి చూడాలి.

చరిత్రలో విసిరే ఈటె

జర్మనీలోని షోనింగెన్ దగ్గర ఒక బొగ్గు గనిలో 1990లలో చెక్క ఈటెలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం స్ప్రూస్ చెట్టు కర్రతో చెక్కినవే. అవి 3 లక్షల ఏళ్ల నాటివని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి పరిశీలన ఆ వయసును 2 లక్షల ఏళ్ల దగ్గరికి దించింది. ఏ లెక్కన చూసినా విల్లు కంటే ఎంతో పాతవి. అంత మోటు కర్ర దూరం పోదని, దగ్గరికెళ్లి పొడవడానికే పనికొచ్చి ఉంటుందని కొందరు పండితులు భావించేవారు. 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో శిక్షణ పొందిన జావెలిన్ క్రీడాకారుల చేత వాటి నమూనాలను విసిరించి చూస్తే, 20 మీటర్ల దూరంలో పెట్టిన గురిని కూడా తాకాయి. ఈ 20 మీటర్ల అంకె గుర్తుంచుకోదగ్గది. ఆ తర్వాత వేల ఏళ్లపాటు కర్ర మారింది, మొనకు ఇనుము వచ్చింది, కానీ మనిషి చేయి మాత్రం మారలేదు. గురి చూసి విసిరే దూరం దాదాపు అక్కడే నిలిచిపోయింది.

ఈ ఆయుధాన్ని అందరికంటే శ్రద్ధగా తీర్చిదిద్దినవాళ్లు రోమన్లు. వాళ్ల పీలమ్ సుమారు 2 మీటర్ల పొడుగు. వెనక లావు కర్ర, ముందు సన్నటి ఇనుప కడ్డీ, దాని కొసన చిన్న పిరమిడ్ ఆకారపు మొన. కర్ర బరువంతా ఆ చిన్న మొన మీదికి వచ్చి పడుతుంది. మొన డాలుకు చేసిన రంధ్రం కడ్డీ కంటే వెడల్పు కాబట్టి కడ్డీ అడ్డు లేకుండా లోపలికి దూసుకుపోయి డాలు వెనక ఉన్న మనిషిని అందుకుంటుంది. మనిషికి తగలకపోయినా పని అయినట్టే. డాలుకు రెండు మీటర్ల కర్ర వేలాడుతుంటే ఆ డాలు ఇక ఎత్తలేరు. క్రీస్తుపూర్వం 58లో హెల్వెటీ తెగతో జరిగిన పోరులో ఒకే పీలమ్ దగ్గర దగ్గరగా పట్టిన రెండు డాళ్లను కలిపి గుచ్చేసిందనీ, పీకడం చేతకాక చాలామంది డాళ్లు పారేసి రక్షణ లేని ఒంటితోనే పోరాడారనీ జూలియస్ సీజర్ రాసుకున్నాడు.

రోమన్లకు ఇంకో బెంగ ఉండేది. విసిరిన ఈటెను శత్రువు తీసుకుని తిరిగి విసిరితే? తేలిక దళమైన వెలైట్లు వాడే చిన్న ఈటె మొన మొదటి దెబ్బకే వంగిపోయేంత సన్నగా ఉండేదని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ చెప్పాడు. సేనాని మారియస్ పీలమ్‌లో కడ్డీని కర్రకు బిగించే రెండు ఇనుప చీలల్లో ఒకదాన్ని తీసేసి చెక్క చీల పెట్టించాడని ప్లూటార్క్ రాతల్లో ఉంది. తగలగానే చెక్క చీల విరుగుతుంది, కర్ర వాలిపోతుంది, ఆ ఈటె ఇక ఎవరికీ పనికిరాదు. విసిరిన ఆయుధం తర్వాత ఎవరి సొత్తు అన్న ప్రశ్న గేమ్‌ల కంటే రెండు వేల ఏళ్ల ముందే యుద్ధభూమిలో నలిగిందన్నమాట.

గ్రీకుల దగ్గర పెల్టాస్టులు అనే తేలిక సైనికులు ఉండేవారు. చిన్న డాలు, కొన్ని ఈటెలు, వేగంగా పరిగెత్తే కాళ్లు, ఇవే వాళ్ల బలం. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో కొరింత్ సమీపాన లెకేయం దగ్గర ఇఫిక్రటీస్ అనే ఏథెన్స్ సేనాని వాళ్లను నడిపాడు. ఎదుట సుమారు 600 మంది స్పార్టా కవచధారులు. పెల్టాస్టులు దగ్గరికొచ్చి విసరడం, స్పార్టన్లు తరిమితే పారిపోవడం, వాళ్లు వెనక్కి తిరగ్గానే మళ్లీ వచ్చి విసరడం. బరువైన కవచంతో స్పార్టన్లు వాళ్లను అందుకోలేకపోయారు. సుమారు 250 మంది చనిపోయారని జెనోఫన్ లెక్క. ఇలా అందకుండా తిరుగుతూ కొట్టే పద్ధతిని గేమర్లు కైటింగ్ అంటారు. దానికి ఇంతకంటే స్పష్టమైన చారిత్రక ఉదాహరణ దొరకదు.

దూరం పెంచడానికి మనుషులు చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. గ్రీకులు, రోమన్లు ఈటె కర్రకు తోలు పట్టీ చుట్టి, అందులో వేళ్లు దూర్చి విసిరేవారు. చేయి పొడవు పెరిగినట్టయ్యి ఈటెకు వేగమూ, తిరుగుడూ వచ్చేవి. ఆస్ట్రేలియా ఆదివాసుల వూమెరా, మెక్సికో అజ్టెక్‌ల అట్లాటల్ కూడా ఇదే సూత్రం మీద పనిచేసే కర్రలు. రోమ్ చివరి రోజుల్లో సీసం బరువు తొడిగిన చేతి బాణాలు వచ్చాయి. సైనికుడు వాటిని డాలు లోపలి వైపు అయిదు చొప్పున పెట్టుకునేవాడని వెజీషియస్ రాశాడు. ఉత్తర ఆఫ్రికా నుమీడియా రౌతులు గుర్రం మీద నుంచి విసిరేవారు. ఒట్టోమన్ టర్కీలో గుర్రాల మీద ఈటెలు విసురుకునే జిరిత్ ఒక పెద్ద క్రీడ, ఇప్పటికీ అక్కడ ఆడతారు.

పురాణాల ఈటెలు

కాల్పనిక గేమ్‌లకు మూలసరుకు చరిత్ర కంటే పురాణాల నుంచే ఎక్కువ వస్తుంది. తెలుగు పాఠకుడికి విసిరే ఈటె అనగానే గుర్తుకు రావాల్సింది కర్ణుడి వాసవీశక్తి. కవచకుండలాలు దానంగా తీసుకున్న ఇంద్రుడు బదులుగా ఇచ్చిన ఆ శక్తి ఒక్కసారికే పనిచేస్తుంది. ఎవరి మీద వేస్తే వాళ్లు చావాల్సిందే, ఆ తర్వాత అది ఇంద్రుడి దగ్గరికి వెళ్లిపోతుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ద్రోణపర్వంలోని రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవ సేనను చీల్చి చెండాడుతుంటే వేరే గతిలేక అతని మీద ప్రయోగించాడు. ఘటోత్కచుడు కూలినందుకు పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. ఎందుకంటే ఎదుటివాడి చేతిలోని ఒకే ఒక్క ఈటె ఖర్చయిపోయింది. పరిమితమైన ఆయుధాన్ని ఎప్పుడు వాడాలి, శత్రువు చేత దాన్ని తప్పుడు చోట ఎలా ఖర్చు పెట్టించాలి అన్న ఎత్తుగడకు ఇంతకంటే మంచి పాఠం ఏ గేమ్ పుస్తకంలోనూ లేదు. శల్యపర్వంలో ధర్మరాజు శల్యుణ్ణి చంపింది కూడా విసిరిన శక్తితోనే.

నార్వే, ఐస్‌లాండ్ పురాణాల్లో డ్రాప్నిర్ అనే ఉంగరం ఉంది. ప్రతి తొమ్మిదో రాత్రి దాని నుంచి అంతే బరువున్న ఎనిమిది ఉంగరాలు పుట్టుకొస్తాయి. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ రూపకర్తలు ఈ కథను పట్టుకుని డ్రాప్నిర్ ఈటెను సృష్టించారు. గేమ్ కథానాయకుడు క్రేటాస్ విసిరినకొద్దీ అతని చేతిలో కొత్త ఈటె పుడుతూనే ఉంటుంది. గుచ్చుకున్న ఈటెలన్నిటినీ ఆటగాడు ఒక్క బటన్‌తో పేల్చవచ్చు. ఈటెల లెక్క అనే చిక్కును పురాణంతోనే విప్పిన తీరు మెచ్చుకోదగ్గది.

దూరం, బరువు, దెబ్బ

బాణానికీ విసిరే ఈటెకూ తేడా అంకెల్లో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. 60 గ్రాముల బాణం సెకనుకు 55 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి దాదాపు 90 జౌళ్లు. 800 గ్రాముల ఈటె సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్తే 160 జౌళ్లు. ద్రవ్యవేగంలో తేడా ఇంకా ఎక్కువ, ఈటెది బాణానికి దాదాపు అయిదు రెట్లు. డాలును వెనక్కి నెట్టేది, మనిషిని తూలిపడేలా చేసేది ఈ ద్రవ్యవేగమే.

అయితే ఆ వేగానికి ఈటె గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. 20 మీటర్ల దూరం చేరడానికి బాణానికి సెకనులో మూడో వంతు సరిపోతే, ఈటెకు దాదాపు ఒక సెకను పడుతుంది. ఈటెను నేలకు సమాంతరంగా విసిరితే ఆ సెకనులో దాదాపు 5 మీటర్లు కిందికి పడిపోతుంది. కాబట్టి సుమారు 15 డిగ్రీల కోణంలో పైకి గురిపెట్టాలి. అడ్డంగా పరుగెడుతున్న శత్రువు ఆ సెకనులో 5 మీటర్లు జరిగిపోతాడు. కనుక దూరపు శత్రువు మీద ఈటె విసరడం గుడ్డిదెబ్బ. మీదికి దూసుకొస్తున్న శత్రువు మీద, 10 మీటర్ల లోపు విసిరిందే నిజమైన దెబ్బ.

క్రీడల్లో జావెలిన్ ఎంతో దూరం పోతుంది కదా అన్న సందేహం నీరజ్ చోప్రాను చూసి పెరిగిన మనవాళ్లకు సహజం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో అతనికి స్వర్ణం తెచ్చిన విసురు 87.58 మీటర్లు. కానీ ఆ ఈటె దూరం కోసమే మలిచింది, విసిరేవాడు నిండు పరుగుతో వచ్చి విసురుతాడు, ఎదుట ఎవరూ కత్తి పట్టుకుని లేరు. గేమ్ రూపకర్తకు ఆ క్రీడ నుంచి అందే పాఠం వేరే ఉంది. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఊవే హోన్ 104.80 మీటర్లు విసిరాడు. మైదానంలో తక్కినవాళ్ల ప్రాణాలకు ప్రమాదమన్న భయం మొదలైంది. పైగా ఆనాటి ఈటెలు నేలకు చదునుగా వాలడం వల్ల మొన ముందు తాకిందా లేదా అన్న తగవులూ ఉండేవి. 1986 నుంచి పురుషుల ఈటె గురుత్వకేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. మొన త్వరగా కిందికి వాలింది, దూరాలు తగ్గాయి. ఈ కొత్త ఈటెతో ప్రపంచ రికార్డు 1996లో యాన్ జెలెజ్నీ విసిరిన 98.48 మీటర్లు. గేమ్ కంపెనీలు ప్యాచ్ విడుదల చేసి ఒక ఆయుధం బలాన్ని తగ్గించడం అంటే ఇదే పని.

బల్లమీది ఆటల నిబంధనలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నిబంధనల్లో జావెలిన్, ఈటె రెండూ విసరదగ్గవే. జావెలిన్ దెబ్బ ఒక ఆరుముఖాల పాచిక. మామూలు దూరం 30 అడుగులు, గురి తగ్గే పెద్ద దూరం 120 అడుగులు. అంటే సుమారు 9 మీటర్లు, 36 మీటర్లు. ఈటెకు 20, 60 అడుగులే. చరిత్ర చెప్పే దూరాలతో ఇవి బాగానే సరిపోతాయి. విల్లుకు చురుకుదనం కావాలి, విసిరే ఈటెకు బలం చాలు. కండబలం ఉన్న వీరుడికి ఎగిరే శత్రువును కొట్టే దారి దీనివల్లే దొరికింది.

లోపం ఇంకోచోట ఉంది. ఒక వంతులో ఒక ఆయుధాన్ని మాత్రమే ఊరికే తీసుకోవచ్చన్న నియమం వల్ల, రెండుమూడు సార్లు కొట్టగల వీరుడు కూడా జావెలిన్‌తో సాధారణంగా ఒక్కసారే కొట్టగలిగేవాడు. విలుకాడికి ఆ ఇబ్బంది లేదు. ఆట నడిపేవాళ్లు ఇంటింటికీ ఒక సర్దుబాటు చేసుకున్నారు. 2020లో వచ్చిన అనుబంధ పుస్తకం విసిరే ఆయుధాల కోసం ప్రత్యేక పోరాట శైలిని ఇచ్చింది. చివరికి 2024 నిబంధనలు విసరడంలో భాగంగానే ఆయుధాన్ని తీసుకోవచ్చని అందరికీ వర్తింపజేశాయి. అంతేకాదు, జావెలిన్ తగిలిన శత్రువు నడక 10 అడుగులు తగ్గే వీలూ పెట్టాయి. దెబ్బను పెంచకుండా ఆయుధానికి సొంత పని ఒకటి అప్పగించిన ఈ పద్ధతి సరైనది.

ఇదే నిబంధనల మీద లారియన్ స్టూడియోస్ కట్టిన బాల్డర్స్ గేట్ 3 (2023)లో విసిరే వీరుడు గేమ్‌లోనే బలమైన పాత్రల్లో ఒకడయ్యాడు. విసిరాక చేతికి తిరిగొచ్చే రిటర్నింగ్ పైక్ ఆటలో తొందరగానే దొరుకుతుంది. ట్యావర్న్ బ్రాలర్ అనే నైపుణ్యం విసురుకు బలాన్ని రెండుసార్లు కలుపుతుంది. ఈ రెండూ కలిస్తే విలుకాడు వెనకబడిపోతాడు. చేయి ఖాళీ అవుతుందన్న వెల తీసేసి, దెబ్బ మాత్రం ఉంచితే ఏమవుతుందో చూడాలంటే ఇది చాలు.

వ్యూహాత్మక గేమ్‌లలో

జపాన్‌కు చెందిన ఫైర్ ఎంబ్లెమ్ గేమ్‌లలో జావెలిన్‌కు దశాబ్దాల చరిత్ర ఉంది. 2003 నాటి గేమ్‌లో మామూలు ఇనుప ఈటె దెబ్బ 7, గురి 80, బరువు 8, వాడకాలు 45. జావెలిన్‌కు దెబ్బ 6, గురి 65, బరువు 11, వాడకాలు 20. అన్నిటా వెనకబాటే, ఒక్కటి తప్ప. ఇది పక్క గడిలోని శత్రువునూ, రెండు గడుల అవతలి శత్రువునూ కొట్టగలదు. అంటే కత్తి పట్టినవాడు కొట్టినా, విలుకాడు కొట్టినా తిరిగి కొట్టవచ్చు. బరువెక్కువ కాబట్టి పలచని వీరుడి వేగం తగ్గి, రెండో దెబ్బ వేసే అవకాశం పోతుంది. బలమైన ఆయుధానికి వెల కట్టడమంటే ఇలా కట్టాలి.

ఈ అంశాన్ని దగ్గరగా చూడటానికి అన్నిటికంటే మంచి గేమ్ బ్యాటిల్ ఫర్ వెస్నోత్. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ఈ ఉచిత గేమ్ సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఇందులో దాడులు రెండు రకాలు, దగ్గరివి, దూరపువి. ఒకరు దూరపు దాడి చేస్తే ఎదుటివాడు దూరపు ఆయుధంతోనే జవాబివ్వాలి. అది లేకపోతే ఊరికే దెబ్బలు తింటూ నిలబడాలి. ఓర్క్ జాతి గ్రంట్‌కు కత్తి తప్ప ఏమీ లేదు. కాబట్టి ఎల్ఫ్ విలుకాడు అతని మీద 5 దెబ్బ గల బాణాలు నాలుగు వేసి, ఒంటికి గీత పడకుండా బయటపడతాడు.

ఇప్పుడు అదే విలుకాడు 14 నాణేల ధరకు దొరికే మానవ స్పియర్‌మన్ మీదికి వచ్చాడనుకుందాం. స్పియర్‌మన్ చేతి ఈటె 7 దెబ్బతో మూడుసార్లు పొడుస్తుంది, ఎదుటివాడు దాడికి వచ్చినా తనే ముందు పొడుస్తాడు. దానికి తోడు ఒకే ఒక జావెలిన్, దెబ్బ 6. విలుకాడు మైదానంలో నిలబడితే అది తగిలే అవకాశం 60 శాతం, సగటున 3.6 దెబ్బ. చూడటానికి ఏమంత లెక్కలోది కాదు. కానీ ఆ ఒక్క జావెలిన్ వల్ల విలుకాడి దాడి ఉచితం కాకుండా పోయింది. ప్రాణం తక్కువున్న విలుకాడు స్పియర్‌మన్ దగ్గరికి రావాలంటే ఆలోచిస్తాడు. జావెలిన్‌ల మీదే బతకాలనుకునే వీరుడికి మరో దారి ఉంది. స్పియర్‌మన్ పైస్థాయికి ఎదిగి జావెలినీర్ అయితే 11 దెబ్బ గల జావెలిన్‌లు రెండు విసరగలడు. ఇంత చిన్న అంకెలతో ఇంత పెద్ద మార్పు తేవడం వెస్నోత్ రూపకర్తల గొప్పతనం.

జర్మనీలో తయారైన బ్యాటిల్ బ్రదర్స్ (2017) రోమన్ల దారి పట్టింది. అందులో జావెలిన్‌ల కట్టకు అయిదు ఉంటాయి. దానికి వేరుగా బరువైన విసిరే ఈటె ఒకటి ఉంది, ఒక్కసారే విసరగలం, దాని అసలు పని ఎదుటివాడి డాలును పనికిరాకుండా చేయడం. పోరు మొదట్లో దాన్ని విసిరి, వెంటనే గొడ్డలి తీసుకునే కిరాయి సైనికుణ్ణి చూస్తే సీజర్ రాతలు గుర్తొస్తాయి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 (1999)లో స్కర్మిషర్ అనే ఈటెల సైనికుడికి బంగారం అక్కర్లేదు, 25 ఆహారం, 35 కలప చాలు. మామూలు దెబ్బ 2 మాత్రమే అయినా విలుకాళ్ల మీద మరో 3 కలుస్తుంది, బాణాలను తట్టుకునే కవచమూ ఎక్కువే. మరీ పక్కకు వచ్చిన శత్రువును మాత్రం కొట్టలేడు. నిజమైన యుద్ధాల్లో ఈటెలవాళ్లు విలుకాళ్లకు ప్రత్యేకమైన విరుగుడు అనడానికి ఆధారం తక్కువ. అయినా గేమ్‌కు అది మేలే చేసింది, బంగారం అయిపోయిన ఆటగాడికి నిలబడే దారి దొరికింది.

ఆటగాడి చేతిలోనే ఈటె ఉన్నప్పుడు

టర్కీలోని అంకారా నగరానికి చెందిన టేల్‌వరల్డ్స్ తయారుచేసిన మౌంట్ అండ్ బ్లేడ్ (2008), దాని తర్వాతి వార్‌బ్యాండ్ (2010), బ్యానర్‌లార్డ్ విసిరే ఈటెను ఆటగాడి చేతికే ఇచ్చిన గేమ్‌లలో ముందు చెప్పుకోవాల్సినవి. జిరిత్ ఆడే దేశం నుంచి వచ్చినందుకేమో, గుర్రం మీద నుంచి ఈటె విసరడం వీటిలో కుదిరినంత బాగా ఇంకెక్కడా కుదరలేదు. గుర్రం వేగం ఈటె వేగానికి కలిసి దెబ్బ పెరుగుతుంది. ఎదురుగా వస్తున్న రౌతును కొడితే రెండు వేగాలూ కలుస్తాయి. ఈటెల సంచి ఆయుధాల గడుల్లో ఒకటి తినేస్తుంది, కాబట్టి డాలు వదులుకోవాలా, రెండో సంచి మానుకోవాలా అని ఆటగాడు తేల్చుకోవాలి. వార్‌బ్యాండ్‌లో అదే జావెలిన్‌ను పట్టుకుని దగ్గరగా పొడవనూ వచ్చు. విసిరినవి నేల మీద గుచ్చుకుని ఉంటాయి, పోరు మధ్యలో ఏరుకోవచ్చు.

టోరాంటోకు చెందిన టోర్న్ బ్యానర్ స్టూడియోస్ వారి చివల్రీ 2 (2021)లో చేతిలో ఉన్న ఏ ఆయుధాన్నైనా విసరవచ్చు. జావెలిన్‌లే ప్రధానంగా గల స్కర్మిషర్ అనే పాత్ర వేరే ఉంది. స్వీడన్ గేమ్ వాల్‌హైమ్ (2021)లో చెకుముకి ఈటెను రెండో దాడిగా విసరవచ్చు, కానీ మళ్లీ వెళ్లి తెచ్చుకునే దాకా చేయి ఖాళీయే. లేడిని వేటాడేటప్పుడు ఇది హాయిగా ఉంటుంది, నలుగురు శత్రువులు చుట్టుముట్టినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. రెండూ ఉండాల్సినవే.

మైన్‌క్రాఫ్ట్ 2018లో తెచ్చిన త్రిశూలం పిల్లలందరికీ తెలిసిందే. జావా వెర్షన్‌లో దగ్గరగా పొడిస్తే 9, విసిరితే 8 దెబ్బ. దాన్ని తయారుచేసుకోలేరు, ఎక్కువగా నీటిలో తిరిగే డ్రౌండ్ శత్రువుల దగ్గరే దొరుకుతుంది. లాయల్టీ మంత్రం వేస్తే విసిరింది తిరిగొస్తుంది. రిప్‌టైడ్ వేస్తే నీటిలోనో వానలోనో త్రిశూలంతో పాటు మనిషే ఎగిరిపోతాడు. ఈ రెండు మంత్రాలు ఒకే త్రిశూలం మీద కుదరవు. ఈ నిషేధం వల్లే ఆటగాడికి ఎంపిక మిగిలింది.

స్కైరిమ్ (2011) లాంటి పేరున్న గేమ్‌లో ఆటగాడికి మామూలు ఈటెలే లేకపోవడం అభిమానులకు ఇప్పటికీ తీరని కొరత. అదే వరుసలోని మారోవిండ్ (2002)లో ఈటెలు ఉండేవి, ఓబ్లివియన్ (2006) నాటికి తీసేశారు. ఆ లోటును మోడ్‌లు తయారుచేసే అభిమానులే తీర్చారు.

గేమ్‌లో చేర్చే పని

కొత్తగా విసిరే ఈటెను చేర్చేవాళ్లు మొదట చేసే పొరపాటు, బాణం కోసం రాసిన కోడ్‌కే ఈటె బొమ్మ తగిలించడం. అప్పుడు ఈటె బాణంలా చదునుగా ఎగురుతుంది, చూసిన వెంటనే అబద్ధమనిపిస్తుంది. ఈటెకు సొంత వేగం, సొంత గురుత్వాకర్షణ ఇవ్వాలి. ఎగిరేటప్పుడు దాని మొన ఎప్పుడూ వేగం దిశలోనే తిరిగి ఉండాలి. పైకి లేచేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి. ఈ ఒక్క వరుస కోడ్ రాస్తే చాలు, కంటికి బరువు తెలుస్తుంది.

రెండో చిక్కు తాకిడి లెక్క. గేమ్ సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంటే, సెకనుకు 30 మీటర్లు పోయే ఈటె ఒక్కో ఫ్రేముకు అర మీటరు దూకుతుంది. పలచటి చెక్క డాలు ఆ అర మీటరు మధ్యలో పడితే ఈటె దాన్ని తాకకుండానే అవతల తేలుతుంది. అందుకే పాత స్థానం నుంచి కొత్త స్థానం దాకా ఒక గీత లాగి, ఆ గీత మీద ఏం తగిలిందో వెతకాలి. తగిలాక ఈటెను శత్రువు శరీరంలోని దగ్గరి ఎముకకు అతికించాలి. లేకపోతే శత్రువు నడిచి వెళ్లిపోయాక ఈటె గాలిలో నిలబడి ఉంటుంది. నేల మీద మిగిలిన ఈటెలకు ఒక హద్దు పెట్టి, పాతవి తీసేస్తూ ఉండాలి. రెండు వందల మంది పోరాడే చోట ఈ జాగ్రత్త లేకపోతే కంప్యూటర్ మొరాయిస్తుంది.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది విసిరే ముందు చేయి వెనక్కి వెళ్లే కదలిక. ఆ కదలిక ఎదుటివాడికి హెచ్చరిక. అది మరీ చిన్నదైతే డాలు ఎత్తే సమయం దొరక్క ఆట అన్యాయంగా మారుతుంది. మరీ పెద్దదైతే మీదికొచ్చే శత్రువు ముందే పొడిచేస్తాడు. అర సెకనుకు అటూ ఇటూ చాలాసార్లు ఆడి చూసి తేల్చాల్సిందే, కాగితం మీద తేలదు. కంప్యూటర్ నడిపే సైనికులకూ బుద్ధి కావాలి. దూరం నుంచి ఉన్న ఈటెలన్నీ వృథా చేసే సైనికుడి కంటే, శత్రువు 10 మీటర్లకు వచ్చే దాకా ఆగి, ఒకటి విసిరి కత్తి దూసేవాడు ఎంతో నిజంగా అనిపిస్తాడు. తన పక్షంవాళ్లు ఎదుట ఉన్నప్పుడు విసరకుండా ఆగడం కూడా వాడికి నేర్పాలి.

ఈటెల సంఖ్య విషయంలో ఉదారంగా ఉండకపోవడమే మంచిది. రోమన్ సైనికుడు మోసింది రెండు పీలమ్‌లు. ఆటలో ఉత్కంఠ నిలిచే హద్దూ దాదాపు అంతే. ఇరవై జావెలిన్‌లు మోసే వీరుడు మారువేషంలో ఉన్న విలుకాడు. చేతికి తిరిగొచ్చే మంత్రపు ఈటె పెట్టాలనుకుంటే దాన్ని ఆట చివర్లో, కష్టపడితేనే దొరికేలా పెట్టాలి, దెబ్బ తగ్గించాలి. మామూలు ఈటె దెబ్బను పెంచే ముందు డాలు మీద దాని ప్రభావాన్ని పెంచాలి. ఈ ఆయుధం చరిత్రలో బతికింది డాలు మీదే.

ప్రయోగం చేసి చూడాలనుకునే పాఠకులకు వెస్నోత్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి సైనికుడి వివరాలూ మామూలు టెక్స్ట్ ఫైలులోనే ఉంటాయి. స్పియర్‌మన్ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకుని తెరిస్తే, జావెలిన్ దాడి కింద దెబ్బ 6, సంఖ్య 1 అని రెండే వరుసల్లో కనిపిస్తాయి. ఆ 1ని 3 చేసి, ఎల్ఫ్ విలుకాళ్లతో ఒక ఆట ఆడండి. తర్వాత దాన్ని 0 చేసి మరో ఆట ఆడండి. ఆ రెండు ఆటలయ్యాకే మీ సొంత గేమ్‌లో ఈటెకు అంకెలు రాయడం మొదలుపెట్టండి.